నిస్తంత్రి మార్గమున మాటకు కలుగు జాప్యము

హైదరాబాదులో తల్లి, అమెరికాలోని డల్లాసు నగరమున కుమారుడు ఫోనులో మాటలాడుకొనుచుందురు. ఒకరి మాట పూర్తి కాకమునుపే రెండవవారి మాట వచ్చి దానిపై పడును. ఇద్దరును ఒక్కసారిగా ఆగుదురు. "నువ్వు చెప్పరా" అని ఆమె, "లేదమ్మా, నువ్వే చెప్పు" అని అతడు. ఆ రెండు మాటలును మరల ఒకదానిపై నొకటి పడును. కొంతసేపటికి విసుగు పుట్టి, రేపు మాటలాడుకొందమని ఫోను పెట్టివేయుదురు. చెప్పుకొనదలచిన కబురు అట్లే నిలిచిపోవును. కారణమేమని అడిగినచో నూటికి తొంబదిమంది చెప్పు సమాధాన మొక్కటే: అంత దూరము కదా, ఆలస్యము కాక తప్పునా?

ఈ సమాధానమును కొంచెము లెక్కవేసి చూతము. హైదరాబాదునకును డల్లాసునకును భూగోళముమీద తిన్నగా కొలిచిన దూరము 14,400 కిలోమీటర్లకు దగ్గరగా నుండును. సముద్రగర్భమున పరచిన గాజుతీగలలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పయనించును. శూన్యములో దాని వేగము 3 లక్షలు. గాజులో మూడవవంతు తగ్గును. ఈ లెక్కన ఒకవైపు ప్రయాణమునకు 72 మిల్లీసెకన్లు చాలును. మిల్లీసెకను అనగా సెకనులో వెయ్యవ వంతు. తీగలు తిన్నగా పోవు. ఖండముల అంచులను చుట్టి, రేవులను తాకుచు పోవును. కాబట్టి 100 మిల్లీసెకన్లు దాటుననియే అనుకొందము.

ఒకవైపు జాప్యము 150 మిల్లీసెకన్ల లోపల నున్నంతవరకు సంభాషణకు చాలవరకు ఇబ్బంది లేదనియు, 400 దాటినచో సామాన్యముగా పనికిరాదనియు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమువారి సిఫారసు చెప్పుచున్నది. అనగా, సముద్రము తన సుంకమును తాను పుచ్చుకొన్న తరువాత కూడ మనకు నలుబది, ఏబది మిల్లీసెకన్లు చేతిలో మిగులుచున్నవి. ఆ సుంకము విషయమున బేరమాడుటకు వీలులేదు. వెలుగు వేగమును పెంచుట ఎవరి తరమును కాదు. ఆ మిగిలిన కొద్దిపాటి సొమ్మును మనము ఎట్లు ఖర్చు పెట్టుచున్నామన్నది ప్రశ్న.

ఇక రెండవ లెక్క. తల్లి చేతిలోని ఫోనునుండి హాలులో గోడకు తగిలించిన వైఫై పెట్టెకు దూరము పది గజములు. రేడియో తరంగము ఆ దూరమును సెకనులో మూడు కోట్లవ వంతు కాలములో దాటును. అయినను, ఆ ఇంటిలోనే మరియొకరు పెండ్లి వీడియోను బంధువులకు పంపుచున్నప్పుడు, ఆమె మాట ఆ పది గజములు దాటి వీధిలోని తీగను చేరుటకు ఒక్కొక్కప్పుడు పూర్తిగా ఒక సెకను పట్టును. రెండు మహాసముద్రములకు పట్టిన కాలమునకు ఇది పది రెట్లు. ఆ సెకను ఎచ్చట పోవుచున్నది? దానిని తిరిగి రాబట్టుట ఎట్లు?

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. ఇంటర్నెట్టు అమ్మువారు ప్రకటనలలో నూరు మెగాబిట్లు, మున్నూరు మెగాబిట్లు అని చెప్పుదురు. అది కాలువ వెడల్పు మాత్రమే. కాలువ వెడల్పు వేరు, పడవకు పట్టు కాలము వేరు. గోదావరి కాలువలపై పడవల రాకపోకలు ముమ్మరముగా సాగిన రోజులలో, లాకుల దగ్గర పడవలు ఒకదాని వెనుక ఒకటి ఆగవలసి వచ్చెడిది. ముందు నూరు ధాన్యపు పడవలు నిలిచియుండగా, వెనుక వైద్యుని తీసికొనివచ్చు చిన్నపడవ చేరినదనుకొందము. కాలువ ఎంత వెడల్పైన నేమి? ధాన్యమునకు గంట ఆలస్యమైనను నష్టము లేదు. వైద్యునికి ఆ గంటయే ముఖ్యము. వైద్యుని పడవ కాలువలో ఆక్రమించు చోటు మాత్రము లెక్కలోనికి వచ్చునది కాదు.

మాట యొక్క పరిస్థితి సరిగా ఇదే. ఫోనులో మన కంఠస్వరమును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క ప్యాకెట్టుగా కట్టి పంపుదురు. సెకనుకు 50 ప్యాకెట్లు. టెలిఫోనువారి పాత పద్ధతిని అనుసరించినచో ఒక్కొక్కదానిలో 160 బైట్ల మాట, దానిపై చిరునామా మొదలగు వానికి 40 బైట్లు. మొత్తము సెకనుకు 80 వేల బిట్లు. నూరు మెగాబిట్ల మార్గములో ఇది వెయ్యింట ఒక వంతు కన్నను తక్కువ. మాటకు కావలసినది వెడల్పు కాదు, వేళకు దారి.

పైగా మాటకును ఉత్తరమునకును స్వభావములోనే భేదమున్నది. ఉత్తరము ఆలస్యమైనను సరే, అందితీరవలెను. మాట అందకున్నను సరే, ఆలస్యము కారాదు. ఒక ప్యాకెట్టు పోయినచో అవతలి ఫోను ముందువెనుకల ధ్వనినిబట్టి ఆ సందును పూడ్చుకొనగలదు. చెవి దానిని గమనింపదు. వేళ మించిన తరువాత వచ్చిన ప్యాకెట్టుతో పనిలేదు, దానిని పారవేయుటయే. ఇందులో ఇంకొక చిక్కున్నది. ప్యాకెట్లు అన్నియు ఒకే ఆలస్యముతో వచ్చిన బాగుండును గాని, అట్లు రావు. నూటికి తొంబది తొమ్మిది 5 మిల్లీసెకన్లలో వచ్చి ఒక్కటి మాత్రము 80లో వచ్చుననుకొందము. అవతలి ఫోను ఆ ఒక్కదానిని వదలుకొనవలెను, లేదా తక్కిన తొంబది తొమ్మిదింటిని కూడ 80 మిల్లీసెకన్లవరకు ఆపి వినిపించవలెను. అందుచేత ఈ శాస్త్రములో సగటు లెక్కలను నమ్మరాదు. చివర వచ్చినవాడే అందరి కాలమును నిర్ణయించును.

రేడియో ప్రసారమును ఇంటర్నెట్టుపై వినువారు ఈ సందర్భమున ఒక సందేహమును అడుగవచ్చును. అక్కడ కాలసూచిక ధ్వనులు గడియారము కంటె ఎన్నో సెకన్లు వెనుకబడి వినవచ్చును కదా, అదియు ఈ జబ్బేనా? కాదు. అది కోరి తెచ్చుకొన్న ఆలస్యము. పాటకును నాటకమునకును శ్రోత బదులు చెప్పనక్కరలేదు గనుక, ముందుగా కొన్ని సెకన్ల సరుకును నిలువచేసికొని, దారిలో ఒడుదుడుకులు వచ్చినను ఆగకుండ వినిపించుట అచ్చటి పద్ధతి. మామూలు రేడియో తరంగము మున్నూరు కిలోమీటర్లను ఒక్క మిల్లీసెకనులో దాటును. కాబట్టి గడియారము దిద్దుకొనదలచినవారు ఇంటర్నెట్టును కాక ఆ పాత పెట్టెనే నమ్ముట మేలు. అది ఒకవైపు సాగు ప్రసారము. మనము చెప్పుకొనుచున్నది రెండువైపుల సంభాషణ.

తీగలేని మార్గములో ప్యాకెట్టు రెండు చోట్ల వేచియుండవలసి వచ్చును. ఒకటి, గాలిలో వంతు కొరకు. రెండు, పెట్టె లోపల బారులో.

గాలి అందరిదియు. ఒకే తరంగమార్గమున ఇద్దరు ఒకేసారి పలికినచో రెండు మాటలును చెడును. ఈ చిక్కును మొట్టమొదట ఎదుర్కొన్నవారు హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ ఏబ్రమ్సన్, ఆయన సహచరులు. దీవులలోని కంప్యూటరు యంత్రములను రేడియోతో కలుపు వారి ఆలోహా యేర్పాటు 1971లో పనిచేయనారంభించినది. అందులోని నియమము అతి సరళమైనది: పంపవలసినది ఉన్నప్పుడు పంపుము, ఎవరితోనైనను తగిలి చెడినచో, ఎంతసేపో చీటీ వేసినట్లు తోచినంత కాలమాగి మరల పంపుము. ఈ స్వేచ్ఛకు వెల హెచ్చు. మార్గములో నూటికి 18 వంతులకు మించి ఉపయోగపడదని లెక్క తేలినది.

నేటి వైఫై ఆ నియమమునకు ఒక మర్యాదను చేర్చినది. పలుకబోవు ముందు వినవలెను. ఎవరో పలుకుచున్నచో ఆగవలెను. వారు ముగించిన పిమ్మట కూడ వెంటనే పలుకక, 0 నుండి 15 వరకు ఒక అంకెను చీటీగా తీసి, అన్ని గడులు లెక్కించి పలుకవలెను. 5 గిగాహెర్ట్జుల మార్గములో ఒక్కొక్క గడి 9 మైక్రోసెకన్లు, అనగా సెకనులో పదిలక్షల వంతులలో తొమ్మిది. మరల తగిలినచో చీటీల సంఖ్య రెట్టింపగును. 31, 63 అని పెరుగుచు 1023 వరకు పోవచ్చును. ఒంటరిగా నున్న ఇంటిలో ఈ నిరీక్షణ ఏపాటిది కాదు. అంతస్తులు అంతస్తులుగా ఇళ్లున్న మేడలో, పది యిళ్ల పెట్టెలు ఒకే తరంగమార్గమును పంచుకొనుచున్నప్పుడు మాత్రము, ఈ మైక్రోసెకన్లే కూడి మిల్లీసెకన్లగును. చీటీ గెలిచినవాడు ఒక్కొక్క దఫా అయిదున్నర మిల్లీసెకన్లవరకు గాలిని తనవద్ద నుంచుకొనవచ్చును గదా!

ఇందులో ఇంకొక అన్యాయమును 2003లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు బయటపెట్టిరి. వైఫై అందరికిని సమానముగా వంతులిచ్చును. సమానముగా కాలము నీయదు. పెట్టె ప్రక్కన నున్న ఫోను సెకనుకు 300 మెగాబిట్లు పంపగలిగినచో 1500 బైట్ల ప్యాకెట్టు 40 మైక్రోసెకన్లలో ముగియును. వెనుకగదిలో, రెండు గోడల అవతలనున్న పాత ఫోను 6 మెగాబిట్ల వేగముతో అదే ప్యాకెట్టును పంపుటకు 2 మిల్లీసెకన్లు తీసికొనును. ఏబది రెట్లు! ఇద్దరికిని వంతుకొక ప్యాకెట్టు చొప్పున ఇచ్చినచో, వేగముగలవాడు తన జీవితమంతయు నెమ్మదివాని కొరకు ఎదురుచూచుటలోనే గడుపును. కావున సుళువుగా పోవలసిన మాట, తనకు ఏ సంబంధమును లేని వెనుకగది సరుకుచేత ఆగిపోవును.

ఈ చీటీల పద్ధతిలో మాటకు తోవ ఇచ్చుటకు 2005లో ఒక సవరణ జరిగినది. ఇంజనీర్లు దానిని 802.11ఇ అని వ్యవహరింతురు. అది సరుకును నాలుగు తరగతులుగా విభజించినది: మాట, దృశ్యము, సామాన్యము, వెనుకనుండి పోవునది. మాట తరగతి ప్యాకెట్టు 34 మైక్రోసెకన్లు ఆగి, 0 నుండి 3 వరకు మాత్రమే చీటీ తీయును. సామాన్యపు సరుకు 43 మైక్రోసెకన్లు ఆగి 0 నుండి 15 వరకు తీయవలెను. వెనుక తరగతిది 79 ఆగవలెను. ఇంతకు మించి మాయ యేమియు లేదు. మాట ముందుగా పోవుటకు అవకాశము హెచ్చుచున్నది. హామీ మాత్రము లేదు. అప్పటికే ఎవడైనను పలుకనారంభించియున్నచో వానిని మధ్యలో ఆపుటకు అధికారము లేదు.

ఈ ఏర్పాటును మేము మెచ్చుకొందుము గాని, దాని రెండు బలహీనతలను దాచవలసిన పనిలేదు. పుణ్యక్షేత్రములలో ప్రత్యేక దర్శనపు వరుస ఎంతవరకు వేగముగా నడచును? అందులో కొద్దిమంది ఉన్నంతవరకే. అందరును మాట తరగతి ముద్ర వేసికొనివచ్చినచో, 0 నుండి 3 వరకు గల నాలుగు చీటీలలో ఒకే చీటీ ఇద్దరికి తగులుట తరచగును. తాకిడులు పెరిగి మొత్తమునకే మోసము వచ్చును. రెండవది ముద్రల గందరగోళము. తీగల మార్గమున మాటకు వేయు ముద్ర సంఖ్య 46. దానిని రెండంకెల పద్ధతిలో వ్రాసి పై మూడు స్థానములను మాత్రము తీసికొన్నచో 5 వచ్చును. వైఫైలో 5 అనగా మాట కాదు, దృశ్యము. పెక్కు పెట్టెలు ఇట్లు పై మూడింటినే చూచి, మాటను దృశ్యపు వరుసలో నిలబెట్టుచు వచ్చినవి. దీనిని సరిచేయుటకు ఇంటర్నెట్టు ఇంజనీర్ల సంఘము 2018లో ఒక పట్టికను ప్రకటింపవలసి వచ్చినది. అంతియే కాక, దూరదేశమునుండి వచ్చు ప్యాకెట్టుపై ముద్ర దారిలో చెరిపివేయబడుట సామాన్యము. మనము పంపు మాటకు ప్రత్యేక వరుస దొరకినను, మనము వినవలసిన మాట సామాన్యుల బారులోనే వచ్చుచుండును.

ఇంతవరకు చెప్పినది గాలిలోని నిరీక్షణ. అది ఎంత చెడినను పదుల మిల్లీసెకన్లలోనే తిరుగాడును. మనము మొదట అడిగిన ఆ పూర్తి సెకను గాలిలో పోవుటలేదు. పెట్టె లోపల పోవుచున్నది. ఈ సంగతి కొంచెము నిదానముగా వినదగినది.

ఇంటర్నెట్టులో సరుకు పంపు యంత్రమునకు దారి ఎంత వెడల్పో ముందుగా తెలియదు. అది క్రమముగా వేగము పెంచుకొనుచు పోయి, ఎచ్చటనైనను ఒక ప్యాకెట్టు జారిపోయినదని తెలిసినప్పుడు, "దారి నిండినది" అని గ్రహించి వెనుకకు తగ్గును. 1980 దశాబ్దపు చివర ఇంటర్నెట్టు రద్దీచేత స్తంభించిపోయినప్పుడు వాన్ జాకబ్సన్ రూపొందించిన ఈ పద్ధతియే దానిని బ్రతికించినది. ఇందులో ప్యాకెట్టు జారిపోవుట ఒక ప్రమాదము కాదు, ఒక సందేశము. ఆ సందేశము వేళకు రావలెను.

తరువాతి కాలమున జ్ఞాపకశక్తి చిప్పుల వెల పడిపోయినది. పెట్టెలు చేయువారు, ప్యాకెట్టు పోగొట్టుట తప్పు అను సదుద్దేశముతో, లోపల పెద్దపెద్ద నిలువగదులను కట్టిరి. సరుకు పంపువాడు వేగము పెంచుచునే యుండును, ఏదియు జారిపోదు, అంతయు గదిలో పేరుకొనుచుండును. ఆ గదిలో 1500 బైట్ల ప్యాకెట్లు 1000 పట్టుననుకొనుడు. అది 1 కోటి 20 లక్షల బిట్లు. దారి సెకనుకు 10 మెగాబిట్లైనచో ఆ గది ఖాళీ యగుటకు 1.2 సెకన్లు కావలెను. గది నిండియున్న సమయమున బారు చివర వచ్చి నిలిచిన మాట ప్యాకెట్టు, తన తప్పేమియు లేకుండ, ఆ 1.2 సెకన్లు ఆగవలెను. పెండ్లి వీడియో కథ ఇదే. పంపుచున్నవారిది తప్పు కాదు. పెట్టెలో కట్టిన గదిది తప్పు.

బెల్ ప్రయోగశాలలలో పనిచేయుచుండిన జిమ్ గెటిస్ అను ఇంజనీరు 2010లో తన ఇంటిలోనే ఈ రోగమును పట్టుకొని, బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టెను. నిలువగది ఉబ్బు అని మనము చెప్పుకొనవచ్చును. అనుభవజ్ఞులైన వారికి కూడ ఇది ఇంతకాలము తట్టకపోవుటకు కారణమున్నది. కొలతలు తీయువారు అందరును సెకనుకెన్ని బిట్లు పోయినవని కొలుచుచుండిరి. ఆ కొలతలో గది ఎంత పెద్దదైన అంత మేలుగా కనబడును!

గదిని చిన్నది చేసిన చాలదా అను ప్రశ్న సహజము. తీగల మార్గములో కొంతవరకు చాలును. నిస్తంత్రి మార్గములో చాలదు. ఏలయనగా, ఇక్కడ దారి వెడల్పు క్షణక్షణమునకు మారును. ఫోను పట్టుకొని హాలునుండి వంటింటిలోనికి నడచినచో 300 మెగాబిట్లు 6 కావచ్చును. 300కు సరిపోవు గది 6కు ఏబది రెట్లు పెద్దది.

2012లో కాథ్లీన్ నికోల్స్, పైన చెప్పిన వాన్ జాకబ్సన్ కలిసి దీనికి ఒక చక్కని ఉపాయమును ప్రకటించిరి. గదిలో ఎంత సరుకున్నదో చూడవద్దు. ప్రతి ప్యాకెట్టు లోపల ఎంతసేపు కూర్చున్నదో చూడుము అనిరి. వచ్చినప్పుడు దానిపై వేళ ముద్రవేయుదురు. పోవునప్పుడు గడియారము చూతురు. 5 మిల్లీసెకన్ల లోపల బయలుదేరుచున్నచో మంచిదే. ఒక్కసారి మించినను ఫరవాలేదు, రద్దీ ఒక క్షణము పెరుగుట సహజము. కాని 100 మిల్లీసెకన్ల పాటు ఎడతెగక 5కు మించియే యున్నచో, ఇది పేరుకొనిపోయిన బారు అని నిశ్చయించి, ఒక ప్యాకెట్టును కావలెనని జారవిడుతురు. సరుకు పంపువానికి సందేశము చేరును; అతడు వేగము తగ్గించును. తగ్గకున్నచో ఇంకను త్వరత్వరగా జారవిడుతురు. వెడల్పు మారినను ఈ లెక్క మారదు, ఎందుకనగా కాలమును కొలుచుచున్నాము గాని బైట్లను కాదు. ఒక ప్యాకెట్టును పారవేసి వేయి ప్యాకెట్ల కాలమును కాపాడుట వినుటకు వింతగా నున్నను, ఈ రంగమున వచ్చిన ఉపాయములన్నింటిలో మాకు ఇదియే ముఖ్యమని తోచుచున్నది.

దీనికి తోడు, ఒకే బారుకు బదులు ఎవరి సంభాషణకు వారి బారు ఏర్పరచి, వంతులవారీగా ఒక్కొక్క బారునుండి తీసి పంపుట జతచేసిరి. వీడియో బారులో వేయి ప్యాకెట్లున్నను మాట బారులో ఒక్కటే యుండును గనుక దాని వంతు వెంటనే వచ్చును. ముద్రలతో పనిలేదు, తక్కువ అడిగినవాడు తనంత తానే ముందు పోవును. లాకు దగ్గర వైద్యుని పడవకు వేరు దారి తీసినట్లే, అతడు వైద్యుడని ఎవరును ధ్రువపత్రము చూపనక్కరలేదు.

అయినను వైఫై పెట్టెలలో ఈ మందు వెంటనే పనిచేయలేదు. పైన ఎంత చక్కగా వరుసలు దిద్దినను, క్రింద రేడియో యంత్రమును నడుపు భాగములో మరియొక రహస్యపు నిలువగది యుండెను. స్వీడను దేశమున కార్ల్‌స్టాడ్ విశ్వవిద్యాలయమునకు చెందిన టోకే హోయ్లాండ్ యోర్గెన్సెన్, ఆయన సహచరులు 2017లో ప్రకటించిన పనిలో, ఆ క్రింది గదిని తీసివేసి, యంత్రమునకు అప్పటికప్పుడు కావలసిన కొద్ది ప్యాకెట్లను మాత్రమే అందించు ఏర్పాటు చేసిరి. దానితోపాటు వంతులకు బదులు కాలమును సమముగా పంచిరి. వెనుకగదిలోని పాత ఫోనుకు తన వాటా కాలము మాత్రమే దక్కును. రద్దీ వేళలలోని జాప్యము పదవ వంతు వరకు తగ్గినది. విశేషమేమనగా, మొత్తముమీద పోవు సరుకు తగ్గలేదు సరికదా పెరిగినది. ఈ పని లైనక్సు అను ఉచిత సాఫ్టువేరులో చేరినది. దానిపై నడచు పెట్టెలు కొన్నింటిలో నేడు లభించుచున్నది; అన్నింటిలోను లేదు.

సెల్‌ఫోను గోపురముల పద్ధతి వేరు. అచ్చట చీటీలు లేవు, గోపురమే పెత్తందారు. ఎవరు ఎప్పుడు పలుకవలెనో అదియే నిర్ణయించును. 4జీలో కాలమును ఒక్కొక్క మిల్లీసెకను ముక్కలుగా కోసి పంచుదురు. ఫోను పంపదలచినప్పుడు మొదట అనుమతి అడుగవలెను. ఆ అడుగుట, అనుమతి వచ్చుట, ఇవే కొన్ని మిల్లీసెకన్లు తినును. మాట విషయమున ఈ ఖర్చును తప్పించుటకు తేలికైన మార్గమున్నది. మాట ఎప్పుడు వచ్చునో ముందే తెలియును గదా, 20 మిల్లీసెకన్లకు ఒకసారి. ఆ వేళకు ఒక ఆసనమును శాశ్వతముగా కేటాయించినచో ప్రతిసారి అడుగనక్కరలేదు. 5జీలో ముక్కలు ఇంకను చిన్నవై, కొన్ని మార్గములలో మిల్లీసెకనులో ఎనిమిదవ వంతు వరకు తగ్గినవి. ఇతరుల సరుకు పోవుచుండగనే మధ్యలో దానిని తొలగించి అత్యవసరపు సందేశమును చొప్పించు అధికారమును గోపురమునకు ఇచ్చిరి. 32 బైట్ల చిన్న సందేశమును ఒక్క మిల్లీసెకనులో, లక్షకు తొంబది తొమ్మిదివేల తొమ్మిదివందల తొంబది తొమ్మిది పర్యాయములు చేర్చుట దాని లక్ష్యము. ఇది కర్మాగారములలో యంత్రముల చేతులను నడుపుట వంటి పనులకు ఉద్దేశింపబడినదే గాని, మన చేతిలోని ఫోనులో మామూలుగా దొరకు సౌకర్యము కాదు. ఖాళీగా నుంచిన ఆసనము వృథాయే. ఆ వృథాకు ఎవరో వెల చెల్లింపవలెను.

వైఫై కూడ ఈ పెత్తందారీ పద్ధతిని కొంత నేర్చుకొన్నది. 2021లో ఆమోదము పొందిన 802.11ఏఎక్స్ నియమములనుబట్టి పెట్టె తానే పిలిచి, 20 మెగాహెర్ట్జుల మార్గమును తొమ్మిది సన్నని పాయలుగా చీల్చి, తొమ్మిదిమందిచేత ఒకేసారి పలికింపవచ్చును. చిన్న ప్యాకెట్లకు ఇది ఎంతో అనుకూలము. కాని ప్రక్కయింటి పెట్టె మన పెట్టె మాట వినదు. అందుచేత గోపురమునకున్న అధికారము దీనికి ఎన్నటికిని రాదు.

సంగీతమును ప్రసారము చేయు మావంటివారికి ఇందులో ఒక స్వార్థము కూడ లేకపోలేదు. విజయవాడలో వయొలిన్, హైదరాబాదులో మృదంగము, ఇద్దరు విద్వాంసులు ఎవరి ఇంటిలో వారు కూర్చుండి కలిసి వాయింపగలరా? ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. వేదికమీద పది మీటర్ల ఎడముగా కూర్చున్న వారికి ఒకరి నాదము ఒకరికి 30 మిల్లీసెకన్లకు అందును. లయ నిలుచుటకు హద్దు ఆ ప్రాంతములోనే యున్నది. రెండు నగరముల మధ్య తిన్నగా 250 కిలోమీటర్లు. గాజుతీగలో ఒక మిల్లీసెకను పైచిలుకు. అనగా దూరము ఖర్చు దాదాపు ఏమియు లేదు. ఆ ముప్పదియు ఇళ్లలోని పెట్టెలకును యంత్రములకును మిగిలియున్నవి. ఒక నిలువగది ఉబ్బినచో తనియావర్తనము నడవదు. డల్లాసులోని విద్వాంసునితో మాత్రము ఎన్ని ఉపాయములు పన్నినను కలిసి వాయించుట సాధ్యము కాదు. అక్కడ సముద్రమే అడ్డు.

ఇంటివద్ద ఏమి చేయవచ్చునో కొంచెము చెప్పెదము. జాప్యమును కొలుచు సాధనములు ఫోనులలో ఉచితముగా దొరకును, మిల్లీసెకన్లలో చూపును. ఒకసారి ఇంటిలో ఎవరును ఏమియు పంపనప్పుడు కొలిచి అంకె వ్రాసికొనుడు. పిమ్మట పెద్ద వీడియోనొకదానిని పంపుచు, అది పోవుచుండగా మరల కొలువుడు. మొదటి అంకె 20 అయి రెండవది 30, 40 అయినచో మీ పెట్టె మంచిది. రెండవది 500 అయినచో, ఇంకను ఎక్కువ మెగాబిట్ల చందా కట్టుట వలన ప్రయోజనము స్వల్పము.

బారు ఎప్పుడును ఇరుకైన చోటనే ఏర్పడును. వీధిలోని తీగ ఇరుకైనచో, బారులను సరిదిద్దు సౌకర్యమున్న రౌటరు తీసికొని, దానిలో వేగపు హద్దును తీగ అసలు వేగము కంటె నూటికి అయిదు, పది వంతులు తక్కువగా నిర్ణయింపవలెను. అప్పుడు బారు కంపెనీవారి పెట్టెలో గాక మన అదుపులోనున్న పెట్టెలో ఏర్పడును. నేడు గాజుతీగ ఇంటివరకు వచ్చిన చోట్ల ఇరుకు తరచు గాలిలోనే యున్నది. అట్టి ఇళ్లలో కదలని వస్తువులను, అనగా టెలివిజనును, బల్లమీది కంప్యూటరును తీగతో కలిపి గాలినుండి తప్పించుట మొదటి పని. ఫోనును 5 గిగాహెర్ట్జుల మార్గమునకు మార్చుట రెండవది. రౌటరును చెక్క బీరువాలో, దేవుని పటము వెనుక దాచక నడిమి గదిలో ఎత్తున నిలుపుట మూడవది. రాత్రి అందరును నిదురించిన పిమ్మట ఫొటోలను దాచుకొనునట్లు ఫోనులలో వేళను నిర్ణయించుకొన్నచో, సాయంకాలము డల్లాసునుండి పిలుపు వచ్చు సమయమునకు గాలి కొంత ఖాళీగా నుండును.